దించి కట్టాలా... తెచ్చి పెట్టాలా?

వేట నిషేధం రెండు నెలలూ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో నలిగే ప్రశ్న

ఏప్రిల్ 14 అర్ధరాత్రి దాటిందంటే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో సముద్రం వైపు చూసేవాళ్లు తగ్గిపోయి, బోటు కడుపులోకి తొంగిచూసేవాళ్లు ఎక్కువవుతారు. జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరమంతటా మరబోట్ల వేట బంద్. వలలు బాగుచేసుకునేవాళ్లు, రంగులేసుకునేవాళ్లు, పుచ్చిన పలక తీసి కొత్తది బిగించేవాళ్లు ఒక ఎత్తు; ఇంజిన్ దించేవాళ్లు ఒక ఎత్తు. చైన్ బ్లాకు కట్టి, పైపలకలు విప్పి, పదిమంది పట్టినా కదలని ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్‌ని అంగుళం అంగుళం పైకి లాగి జెట్టీ మీద పెడతారు. అక్కడినుంచి అది వ్యానెక్కి గాజువాక ఆటోనగర్‌కు పోవాలా, పాత ఇనుము కొట్టుకు పోవాలా అన్నదే ఓనరు నిద్ర పాడుచేసే సంగతి.

ఒకప్పుడు ఈ ప్రశ్నే లేదు. ఇంజిన్ పోతే అరిగిన భాగాలు మార్చి మళ్లీ కట్టించుకోవడం తప్ప దారి లేదు. ఇప్పుడు ఫోను తీస్తే చాలు, చైనా కొత్త ఇంజిన్ ఒకటి, జపాన్ లారీలోంచి ఊడదీసిన సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ ఒకటి ఫొటోలతో సహా వచ్చి వాలుతున్నాయి. నిగనిగలాడే పెయింటు, పాతదానికి రెండింతల హెచ్‌పీ. నలభై ఏళ్ల పాత లేలాండ్‌కు ఇంకో కిట్టు వేయించడం చాదస్తంలా కనిపించడంలో వింతేముంది? నా మటుకు నేను పాతదాన్ని కట్టించడం వైపే మొగ్గుతాను. పాతమీద ప్రేమతో కాదు, కారణాలు వేరే.

అసలు ఈ ఆరు సిలిండర్లేమిటి?

విశాఖ, కాకినాడ హార్బర్లలో కనిపించే సోనా రకం మరబోట్ల తరం అశోక్ లేలాండ్ ఇంజిన్ల మీద పెరిగింది. ఏఎల్ఎం 370, 400, 402... ఈ నంబర్లు హార్బర్‌లో పిల్లలకు కూడా తెలుసు. 370 అంటే ఇంజిన్ కొలత, 370 క్యూబిక్ అంగుళాలు. మన లెక్కలో ఆరు లీటర్ల పైచిలుకు. 400 అంటే ఆరున్నర లీటర్లు. ఇంగ్లండ్‌లో లాంకషైర్ జిల్లాలోని లేలాండ్ అనే ఊళ్లో లారీలకూ బస్సులకూ గీసిన నమూనాలు ఇవి. 1948లో మద్రాసులో మొదలైన అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయ్యాక ఇక్కడి రోడ్ల మీదికీ, ఆ తర్వాత మెరైన్ గేర్‌బాక్సు తగిలించుకుని నీళ్ల మీదికీ వచ్చాయి. వంద హెచ్‌పీకి అటూ ఇటూగా తేలే ఈ యంత్రాలు విశాఖ నుంచి ఒడిశా తీరం దాటి శాండ్‌హెడ్స్ వైపు పోయే బోట్లను కూడా లాక్కెళ్లాయి.

ఒకే వరసలో ఆరు సిలిండర్లు ఉంటే ఒక సుగుణం ఉంది. పిస్టన్లు పైకీ కిందకీ పోయేటప్పుడు పుట్టే కుదుపులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒకటి, ఐదు, మూడు, ఆరు, రెండు, నాలుగు... ఈ వరసలో ప్రతి 120 డిగ్రీలకూ ఒక సిలిండర్ మండుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో పూర్తిగా పోని వణుకు దీంట్లో దాదాపు ఉండదు. లారీకి ఇది సుఖం. చెక్కబోటుకు ఇది ఆయుష్షు. వణుకు ఎక్కువైతే పలకల సందుల్లో దట్టించిన దూది వదులై నీరు ఊరుతుంది. పోర్టులోనూ స్టీల్‌ప్లాంట్‌లోనూ బోగీలు తోసే షంటింగ్ లోకో డబ్ల్యూడీఎస్-6 ఇంజిన్ కూడా ఆరు సిలిండర్లదే, కాకపోతే సైజు వేరు. పద్నాలుగు వందల హెచ్‌పీ దరిదాపుల్లో ఉంటుంది. ఈ ఊరి బరువులు చాలావరకు ఆరు సిలిండర్లే మోశాయంటే అతిశయోక్తి కాదు.

పొగ చెప్పే కబురు

ఇంజిన్ దించేముందు హార్బర్‌లో ఎప్పుడూ జరిగే సంభాషణ ఒకటుంది.

“పొగ ఏ రంగులో వస్తంది బావా?”

“నీలం. లోడు మీద నలుపు.”

“ఆయిలెంత తాగుతంది?”

ఈ మూడు ముక్కల్లో సగం రోగం తేలిపోతుంది. నల్లపొగంటే డీజిల్ సరిగా కాలడంలేదు. నాజిళ్లు, పంపు, ఎయిర్ ఫిల్టర్, లేదంటే మోయలేనంత ప్రొపెల్లర్. నీలిపొగంటే ఆయిల్ మండుతోంది. రింగులు, లైనర్లు, వాల్వు గైడ్లు. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే నీళ్లు సిలిండర్‌లోకి పోతున్నాయేమో చూడాలి. గ్యాస్కెట్టో, హెడ్డు పగులో. బ్రీదర్ పైపు దగ్గర అరచెయ్యి పెట్టినప్పుడు గాలి కొట్టుకుంటూ వస్తే కంప్రెషన్ కిందకి జారిపోతోందన్నమాట. డబ్బు ఖర్చులేని పరీక్షలివి. ఇవి చెయ్యకుండా ‘ఇంజిన్ అయిపోయింది, మార్చేద్దాం’ అనేవాడు మెకానిక్ కాదు, బ్రోకర్.

నాజిళ్లు, పంపు కేలిబ్రేషన్‌తో పోయే జబ్బుకు గుండె ఆపరేషన్ చేయించినవాళ్లు హార్బర్‌లో తక్కువేమీ లేరు. పవర్ పడిపోయిందని ఇంజిన్‌నే మార్చేసి, కొత్త ఇంజిన్‌కీ అదే నల్లపొగ వచ్చాక, తప్పు సైజు ప్రొపెల్లర్‌ది అని తెలుసుకునే రకం ఇంకొందరు.

ఆటోనగర్ బల్ల మీద

హెడ్డు దించాక మొదట చూడాల్సింది లైనర్ పైఅంచు. వేలు లోపలికి పెట్టి పైకి రాస్తే, పిస్టన్ మొదటి రింగు ఆగే చోట చిన్న మెట్టు తగులుతుంది. రింగు తిరిగిన మేర అరిగి, తిరగని మేర అలాగే మిగిలి ఏర్పడిన గట్టు అది. ఆ మెట్టు గోటికి తట్టిందంటే బోర్ గేజ్ తీయాల్సిందే. పైన ఒక కొలత, మధ్యలో ఒకటి, కింద ఒకటి. మళ్లీ అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. గుండ్రంగా ఉండాల్సిన బోరు కోడిగుడ్డు ఆకారంలోకి ఎంత తిరిగిందో, గరాటులా ఎంత విచ్చుకుందో ఆ ఆరు అంకెలే చెబుతాయి. ఆరు సిలిండర్లకు ముప్పై ఆరు అంకెలు. వీటిని కాగితం మీద రాసివ్వని వర్క్‌షాపుకు పని ఇవ్వకపోవడం మంచిది. నా పట్టింపు అనుకోండి, కానీ అంకెలు రాసేవాడు దాపరికం లేకుండా పనిచేస్తాడు.

లైనర్లు, పిస్టన్లు, రింగులు కిట్టుగా దొరుకుతాయి. వాటికి డబ్బే సమస్య. అసలు నిర్ణయం తేలేది క్రాంక్ దగ్గర. జర్నళ్లు అరిగితే గ్రైండింగ్ పట్టించి, ఆ మేరకు మందమైన బేరింగులు వేస్తారు. పది థౌ, ఇరవై, ముప్పై, నలభై... థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు. మొదటిసారి పది, రెండోసారి ఇరవై, ఇలా ఒక్కో రిపేరుకూ ఒక్కో మెట్టు దిగుతుంది క్రాంకు. నలభై దాటితే బేరింగులు దొరకవు, దొరికినా నమ్మకం లేదు. కాబట్టి పాత ఇంజిన్‌కి ఇంకా ఎన్ని జన్మలున్నాయో తెలియాలంటే ఇప్పుడున్న బేరింగు వెనకవైపు నంబరు చూడండి. స్టాండర్డ్ అని ఉందా, కళ్లకద్దుకుని కట్టించండి. ముప్పై అని ఉందా, ఆలోచించండి.

గ్రైండింగ్‌లో ఒక సూక్ష్మం ఉంది, చాలామంది ఓనర్లకు తెలియదు. జర్నలు పక్క గోడతో కలిసే మూల చదరంగా ఉండకూడదు, గుండ్రంగా తిరిగి ఉండాలి. గ్రైండింగ్ చక్రం అంచును ఆ గుండ్రానికి తగ్గట్టు తీర్చిదిద్దాకే పని మొదలుపెట్టాలి. తొందరలో చదరపు అంచుతో పట్టేస్తే ఆ మూలనుంచే వెంట్రుకవాసి పగులు మొదలవుతుంది. జెట్టీ దగ్గర బాగానే తిరుగుతుంది. మూడో ట్రిప్పులో, అరవై మైళ్ల దూరంలో, వల నిండుగా ఉన్నప్పుడు క్రాంకు రెండు ముక్కలవుతుంది. అప్పుడు ఇంజిన్ పాతదవడంవల్ల విరిగిందంటారు. విరిగింది ఆటోనగర్‌లో, తెగింది సముద్రంలో.

హెడ్డు ప్రెషర్ టెస్టు, ఫేసింగ్, వాల్వు సీట్లు, వాటర్ పంపు, ఆయిల్ పంపు ఇవన్నీ మామూలే. నాజిల్ టెస్టు మాత్రం ఓనరు దగ్గరుండి చూడాలి. చేతిపంపు కొడితే డీజిల్ మంచుపొగలా రావాలి; ధారలా వచ్చినా, చివర్న ఒక బొట్టు వేలాడినా ఆ నాజిలు పిస్టన్ నెత్తిన రంధ్రం పెడుతుంది.

ఫారిన్ మోజు కొత్తదేమీ కాదు

దిగుమతి యంత్రాలతో విశాఖకున్న అనుబంధం పాతది. 1970లు, 80లలో మెక్సికో నుంచీ ఇతర దేశాల నుంచీ తెచ్చిన పెద్ద రొయ్య ట్రాలర్లకు దేశంలో ప్రధాన స్థావరం మన ఊరే. పెద్ద కంపెనీలు దిగాయి; యూనియన్ కార్బైడ్ లాంటిది కూడా ఇక్కడ రొయ్యల వేట వ్యాపారం చేసింది. పడవతోబాటే ఇంజిన్, ఇంజిన్‌తోబాటే దాని ఆకలి వచ్చాయి. రొయ్య దండిగా పడ్డన్నాళ్లు ఎవరూ డీజిల్ లెక్క చూడలేదు. తర్వాత రొయ్య తగ్గింది, డీజిల్ పెరిగింది, అప్పులు మిగిలాయి. 90లు గడిచేసరికి ఆ దళం చాలామటుకు కరిగిపోయింది. వాటి పక్కనే పుట్టిన సోనా బోట్లు మాత్రం ఇవాళ్టికీ జెట్టీ నిండా ఉన్నాయి. ఇంజిన్ ఒక్కటే కారణమని అనను. కానీ చిన్న వేట పెద్ద ఇంజిన్‌ను ఎప్పటికీ పోషించలేదన్నది అక్కడ కళ్లకు కట్టింది.

ఇంకో సాక్షి ఆర్కే బీచ్‌లో ఇసుక మీద కూర్చుంది. ఐఎన్ఎస్ కుర్సురా 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరిన సోవియట్ సబ్‌మెరైన్. లోపలికి వెళ్లినవాళ్లు మూడు డీజిల్ ఇంజిన్లనూ చూసే ఉంటారు. 1975లో జరగాల్సిన రీఫిట్ వాయిదా పడి, దీని విడిభాగాలు ఊడదీసి తోటి సబ్‌మెరైన్లకు వాడుకోవాల్సి వచ్చింది. 1980లో సోవియట్ యూనియన్ నుంచి స్పేర్లు వచ్చాక విశాఖలోనే 1982 దాకా రీఫిట్ చేసి మళ్లీ నీళ్లలోకి దించారు. 2001 ఫిబ్రవరి దాకా సేవ చేసింది. నౌకాదళానికే స్పేరు కోసం ఏళ్లు ఆగాల్సిన రోజు వచ్చిందంటే, ఒక్క బోటు ఓనరు చైనా ఇంజిన్ సీల్ కిట్టు కోసం ఎన్ని ఫోన్లు చెయ్యాలో ఊహించుకోవచ్చు. విదేశీ కంటైనర్లు దిగే టెర్మినల్ ఫిషింగ్ హార్బర్‌కు కూతవేటు దూరంలోనే ఉంది. ఆ దగ్గరితనం స్పేరు పార్టుకు పనికిరాదు. నడి వేటలో మనకు కావలసింది ఓడలో వచ్చే పార్టు కాదు, ఆటోనగర్ కొట్లో అరలోంచి తీసిచ్చే పార్టు.

అలాగని చైనా ఇంజిన్ అంటే చెత్త అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. వీచాయ్ కంపెనీ డబ్ల్యూడీ615 ఇంజిన్ కూడా ఆరు సిలిండర్లదే, 9.7 లీటర్లది. దాని మూలం ఆస్ట్రియా దేశపు స్టయర్ కంపెనీ నమూనా. 1980లలో లైసెన్సు మీద చైనాకు వెళ్లింది. మన లేలాండ్ ఇంగ్లండ్ నుంచి వచ్చినట్టే. అశోక్ లేలాండ్ సైతం తర్వాత జపాన్ హినో కంపెనీ సాంకేతికతతో ఇంజిన్లు చేసింది. కాబట్టి ‘మనది, పరాయిది’ అన్న వాదన ఇక్కడ నిలవదు. ఏది మన మెకానిక్ చేతికి అలవాటైందన్నదే తేడా. ఆ అలవాటు ముప్పై నలభై ఏళ్లలో వచ్చింది. చైనా ఇంజిన్‌కూ వస్తుంది. ఈ సీజన్‌లోపు మాత్రం రాదు.

ఇంజిన్ ఒక్కటే మారదు

మార్చేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పాత ఇంజిన్ 1800 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతూ, మూడుకు ఒకటి గేర్‌బాక్సు ద్వారా ప్రొపెల్లర్‌ను 600 దగ్గర తిప్పుతోందనుకుందాం. దాని స్థానంలో 2500 తిరిగే లారీ ఇంజిన్ తెచ్చి, అదే గేర్‌బాక్సు, అదే ప్రొపెల్లర్ ఉంచేశారు. ఇప్పుడు ప్రొపెల్లర్ 833 తిరగాలి. నీళ్లలో తిరిగే రెక్క అడిగే పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది. 600 నుంచి 833 అంటే 1.39 రెట్లు, దాని ఘనం దాదాపు 2.7. పాత పనికి మూడు రెట్లకు దగ్గరగా పవర్ అడుగుతుందన్నమాట! ఇంజిన్ ఆ ఆర్‌పీఎం ఎన్నటికీ అందుకోలేక, గొంతుదాకా డీజిల్ తాగి, నల్లగా కక్కుతుంది. కొత్త ఇంజిన్ ఆరు నెలల్లో పోయిందంటే తప్పు ఎవరిదో దీన్నిబట్టి చూసుకోవాలి.

అందుకే గేర్ రేషియో మార్చాలి, ప్రొపెల్లర్ మార్చాలి, ఇంజిన్ కూర్చునే బెడ్డు మార్చాలి, షాఫ్టు అలైన్‌మెంటు మళ్లీ పట్టాలి. లారీ ఇంజిన్‌కు రేడియేటర్ ఉంటుంది. బోటుకు అది పనికిరాదు, హీట్ ఎక్స్ఛేంజరో కీల్ కూలరో కావాలి. ఉప్పునీళ్ల దారిలో జింకు ముక్కలు పెట్టకపోతే ఇత్తడి పక్కనున్న ఇనుము తొందరగా తినేసుకుపోతుంది. ఇన్ని మార్పుల ఖర్చు కలుపుకుంటే ఇంజిన్ ధర సగం కథే అని తేలుతుంది.

పోనీ, స్పీడైనా వస్తుందా? నీటిగీత దగ్గర 12 మీటర్లుండే బోటు సహజ వేగం ఎనిమిది నాట్ల పైచిలుకు. ఆపైన తను లేపిన అలనే తను ఎక్కలేక నిలబడిపోతుంది. హెచ్‌పీ రెండింతలు చేస్తే అల పెద్దదవుతుంది, బోటు కాదు. వల లాగేటప్పుడైతే నడక మూడు నాట్ల దగ్గరే. అక్కడ కావలసింది పెద్ద రెక్క, నెమ్మది తిప్పుడు.

నీళ్లు, నిప్పు

పాత ఇంజిన్‌ని ఎప్పుడు వదిలేయాలి? ఈ ఊరికి రెండు విపత్తులు జవాబు చెప్పాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు హార్బర్‌లో బోట్లు ఒకదానిమీదొకటి పడి మునిగాయి. మునిగిన ఇంజిన్ చచ్చిన ఇంజిన్ కాదు. పైకి తీసిన వెంటనే గాలి తగలనివ్వకుండా మంచినీళ్లతో కడిగి, ఆయిల్, డీజిల్ నింపి, చేత్తో తిప్పి, ఆ తర్వాత విప్పితే చాలావరకు దక్కుతుంది. నీళ్లలో ఉన్నంతసేపు కాదు, తీశాక ఎండలో వదిలేసిన రోజుల్లోనే ఉప్పు తినేస్తుంది.

2023 నవంబరు 19 రాత్రి అదే హార్బర్‌లో చెలరేగిన మంటలు వేరు. దాదాపు నలభై బోట్లు కాలాయి. అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది, కాబట్టి పిస్టన్ల గతి చెప్పనక్కర్లేదు. బ్లాకు పైకి చెక్కుచెదరనట్టే ఉంటుంది. కానీ కాలి, వంకరపోయి, ఆర్పే నీళ్లు తగిలి లోలోపల పగులుబారిన కాస్టింగ్‌కు లైనర్లు వెయ్యడం డబ్బు సముద్రంలో పొయ్యడమే. అలాంటిదానికి బదులు కొత్తదే. ఆ రాత్రి తర్వాత ప్రభుత్వం బోటు విలువలో 80 శాతం పరిహారంగా ఇస్తామంది. బోటుతోబాటు ఇంజిన్నీ కొత్తగా ఎంచుకోవాల్సివచ్చిన ఓనర్లకు ఈ ప్రశ్న వేట నిషేధం కోసం ఆగలేదు.

డీజిల్ పుస్తకం

కొత్త ఇంజిన్ తరఫున గట్టి వాదన ఒకటుంది, దాన్ని తీసిపారేయలేం. ట్రిప్పుకు మూడు వేల లీటర్లు కాల్చే బోటు అనుకోండి. కొత్తతరం ఇంజిన్ పది శాతం ఆదా చేసినా ట్రిప్పుకు 300 లీటర్లు. ఏడాదికి పది ట్రిప్పులైతే 3000 లీటర్లు. లీటరు వందకు దగ్గరపడ్డ రోజుల్లో అది మూడు లక్షలకు చేరువ. మరబోట్లకు ప్రభుత్వం లీటరుకు 9 రూపాయల చొప్పున, నెలకు 3000 లీటర్ల వరకు ఇచ్చే రాయితీ నెలకు 27 వేలకు మించదు. కాబట్టి ఆదా ఇంజిన్‌లో రావాల్సిందే.

అయితే పది శాతం దేనితో పోల్చి? అరిగిన పాత ఇంజిన్‌తో పోలిస్తే ఎవడైనా గెలుస్తాడు. కొత్త లైనర్లు, సరైన నాజిళ్లు, కేలిబ్రేట్ చేసిన పంపు ఉన్న పాత ఇంజిన్‌తో పోల్చాలి. అప్పుడు ఆ తేడా చాలా సన్నబడుతుంది. పైగా రెండింతల హెచ్‌పీ ఉన్న ఇంజిన్ ఉంటే సరంగు దాన్ని వాడకుండా ఊరుకోడు. ఆదా అయిన డీజిల్ స్పీడు రూపంలో పొగగొట్టంలోంచి పోతుంది. సెకండ్‌హ్యాండ్ జపాన్ ఇంజిన్‌కైతే ఎన్ని గంటలు తిరిగిందో చెప్పే పుస్తకమే ఉండదు. పెయింటు కింద దాని వయసు ఎవరికీ తెలియదు.

హెచ్‌పీ పందెం ఓనరు జేబుతోనే ఆగదు. కేరళ, తమిళనాడు తీరాల్లో చైనా ఇంజిన్లతో ఆ పోటీ ముదిరి, చిన్న మత్స్యకారులు రోడ్డెక్కాక రెండు ప్రభుత్వాలూ పరిమితులు పెట్టాయి. తమిళనాడు 2020 నిబంధనల్లో 240 హెచ్‌పీ దగ్గర గీత గీసింది. రెండు బోట్లు కలిసి ఒకే వల లాగే జంట ట్రాలింగ్‌ను 2017లో కేంద్రం నిషేధించింది. ఎక్కువ పవరు అందుబాటులో ఉంటే వల పెద్దదవుతుంది, కన్ను చిన్నదవుతుంది, గుడ్లమీదున్న చేప కూడా మిగలదు. నిషేధకాలంలో కొన్న ఇంజిన్ ఆ నిషేధం ఎందుకు పెట్టారో మరిచిపోయేలా చేస్తే ఎలా?

ఇన్నీ చూశాక కూడా మార్చడమే ఖాయమైతే, అంటే బ్లాకు పగిలి, క్రాంకు నలభై దాటి, మరో బ్లాకు దొరక్కపోతే, పాతదానికి దగ్గర హెచ్‌పీ, దగ్గర ఆర్‌పీఎం ఉన్నదే చూడండి. గేర్‌బాక్సూ ప్రొపెల్లరూ కలిపి ధర అడగండి. వాటర్ పంపు ఇంపెల్లర్లు, నాజిళ్ల సెట్టు, హెడ్డు గ్యాస్కెట్టు, లిఫ్టు పంపు బోటు జెట్టీ వదలకముందే కొని పెట్టెలో పెట్టుకోండి. రిజిస్ట్రేషన్‌లో కొత్త ఇంజిన్ నంబరూ హెచ్‌పీ ఎక్కించండి. కాగితం మీద ఒక ఇంజిన్, బోటులో ఒక ఇంజిన్ ఉంటే ఇన్సూరెన్సు వాడు నష్టం జరిగిన రోజునే ఆ సంగతి కనిపెడతాడు. కట్టించినా, మార్చినా మే నెలాఖరుకు పని ముగియాలి. మొదటి యాభై గంటలు సగం లోడు మీద తిప్పి ఆయిల్ మార్చాలంటే ఆ పది పదిహేను రోజులు చేతిలో ఉండాలి. జూన్ 14 అర్ధరాత్రి అందరితోబాటు బయల్దేరాలన్న ఉబలాటంలో కొత్త రింగులను మొదటి గంటలోనే ఫుల్ లోడు పెట్టి కాల్చేసుకునే బోట్లు ప్రతి ఏడూ ఉంటాయి, జూలైలో మళ్లీ ఆటోనగర్‌లో వరస కడతాయి.